లక్ష్ముడు పంపిన ఫోటో

సముద్రం మీద ఉన్నంతసేపూ లక్ష్ముడి గొంతు పక్క పడవలకు కూడా వినిపించేది. "ఒరే, తాడు ఒగ్గండ్రా!" అని అతను కేకేస్తే గాలి కూడా ఒక్క క్షణం ఆగి వింటుందని కళింగపట్నం పల్లెలో నవ్వుకునేవారు. అదే మనిషి ఒడ్డెక్కి, ఎదురుగా దుర్గ కనబడిందంటే చాలు, ఆ గొంతు ఎక్కడికి పోయేదో పోయేది. తల వంచుకుని కాలి బొటనవేలితో ఇసుకలో గీతలు గీస్తూ నిలబడేవాడు.

"ఏటి బావా, మాటాడవు?" అనేది దుర్గ.

"ఏటున్నాది మాటాడ్డానికి?" అనేవాడు లక్ష్ముడు. అంతటితో ఆ రోజుకి మాటలు అయిపోయేవి.

దుర్గ అతని మేనమామ అసిరయ్య కూతురు. ఇంటర్ చదివి, ఇప్పుడు తల్లితో కలిసి చేపలు ఎండబెట్టి శ్రీకాకుళం తీసుకెళ్ళి అమ్ముతోంది. లక్ష్ముడు అసిరయ్య పడవ మీదే వేటకు వెళ్తాడు. వాళ్ళిద్దరికీ పెళ్ళి చేయాలని పెద్దవాళ్ళు ఎప్పుడో అనుకున్నారు. ఏప్రిల్ నెలలో వేట నిషేధం మొదలైతే పడవలన్నీ ఒడ్డుకు చేరతాయి. మగవాళ్ళంతా ఊళ్ళోనే ఉంటారు కాబట్టి ఆ పల్లెలో పెళ్ళిళ్ళన్నీ ఆ రోజుల్లోనే జరుగుతాయి. ఆ ఏడు లక్ష్ముడి పెళ్ళి కూడా అప్పుడే అనుకున్నారు.

అయితే మాట ఖాయం చేసుకున్న రోజున దుర్గ అందరి ముందూ ఒక మెలిక పెట్టింది.

"బావంటే నాకిష్టమే. నానంటే బావకిష్టమో కాదో బావే సెప్పాల. మా అమ్మ సెప్పినాదనీ, అత్త సెప్పినాదనీ కాదు. తన నోటితో తను సెప్పాల. సెప్పకపోతే నాను పీటల మీద కూకోను."

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. "అదెంత పనే, ఇప్పుడే సెప్పేస్తాడు" అంది లక్ష్ముడి తల్లి మరిడమ్మ, కొడుకు వీపు మీద ఒకటి చరిచి. లక్ష్ముడు నోరు తెరిచాడు. మూశాడు. దాహం వేసినట్టు లేచి కుండ దగ్గరికి వెళ్ళి, అటు నుంచి అటే సముద్రం ఒడ్డుకు వెళ్ళిపోయాడు.

అదిగో, అలాంటి రోజుల్లో అతని చేతికి కొత్త ఫోను వచ్చింది.

అది అందరి చేతుల్లోకీ నెట్టు వచ్చిన ఏడు. శ్రీకాకుళంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేసే అతని పెద్దమ్మ కొడుకు భాస్కర్ ఒక టచ్ ఫోను ఇప్పించి, ఫేస్‌బుక్ తెరిచి ఇచ్చాడు. పల్లెలో ఫోనున్న వాళ్ళందరినీ స్నేహితుల్లో కలిపాడు. కొన్నాళ్ళకు ఆ స్నేహితుల్లోకి ఇంకొకరు వచ్చి చేరారు. పేరు నీలవేణి. ఫోటోలో నీలం చీర కట్టుకుని, తల కాస్త పక్కకు వాల్చి నవ్వుతోంది.

"హాయ్" అని పంపింది.

లక్ష్ముడు చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అయినా సరే, లేచి వెళ్ళి ఒడ్డున బోర్లించిన పడవ వెనక కూర్చున్నాడు.

అతనికి రాయడం అంతగా రాదు. ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. కానీ ఫోనులో మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడితే ఆ మాట అవతలికి వెళ్తుందని భాస్కర్ చూపించాడు. లక్ష్ముడు బొమ్మ నొక్కి, "నాను... లక్ష్ముణ్ణి" అన్నాడు. చెమట పట్టింది.

కాసేపటికి జవాబు వచ్చింది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. కూడబలుక్కుని చదివాడు. "మీ గొంతు చాలా బాగుంది" అని ఉంది.

అతని గొంతు బాగుందని పుట్టాక ఎవరూ అనలేదు. "మెల్లిగా అరవరా, సెవులు పోతన్నాయి" అన్నవాళ్ళే అందరూ. ఆ రోజంతా లక్ష్ముడు వల కుడుతూ తనలో తనే నవ్వుకున్నాడు.

ఆ తర్వాత వేట నుంచి రావడం, తినడం, పడవ వెనక్కి వెళ్ళడం. ఎదురుగా కళ్ళు లేకపోయేసరికి అతనికి మాటలు ఎక్కడినుంచి వచ్చేవో తెలియదు, వల విప్పితే చేపలు జారినట్టు జారేవి. గాలి గురించి చెప్పాడు. వంశధార నీళ్ళు సముద్రంలో కలిసే చోట నీటి రంగు ఎలా మారుతుందో చెప్పాడు. పడవ తనదేనని కూడా చెప్పాడు. అది మావయ్యది. నీలవేణి మాత్రం ఒక్కసారి కూడా గొంతు వినిపించలేదు. "మా నాన్న పక్కనే ఉన్నాడు" అని రాసేది. పొద్దున్నా, మధ్యాహ్నమూ, సాయంత్రమూ కూడా ఆ నాన్న పక్కనే ఉండేవాడు.

ఒకరోజు ఆమె అడిగింది: "మీకు ఎవరైనా ఉన్నారా?"

లక్ష్ముడు మైకు నొక్కాడు. "నాకెవులూ నేరు" అన్నాడు.

అనేశాక గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టు అనిపించింది. అన్నం ముద్ద మింగినట్టు గుటక వేశాడు. ముల్లు దిగలేదు. కానీ నీలవేణి వెంటనే ఒక ఎర్రటి గుండె బొమ్మ పంపింది. ఆ బొమ్మ చూస్తూ ముల్లు సంగతి మరిచిపోవాలని చూశాడు.

మరి కొద్దిరోజులకు ఆమె, "బట్టలు లేకుండా ఒక ఫోటో పంపవా? నేను కూడా పంపుతాను" అని రాసింది.

పట్నం కుర్రాడైతే ఆ మాటకు ఏమనుకునేవాడో గానీ, లక్ష్ముడు దాన్ని తనకు తెలిసిన పద్ధతిలోనే అర్థం చేసుకున్నాడు. చొక్కా, లుంగీ లేకుండా అంటే గోచీతో అన్నమాట. అందులో వింతేముంది? రోజూ పొద్దున్నే పల్లె పల్లెంతా చూస్తూ ఉండగా గోచీ బిగించుకునే కదా వల లాగేది! పట్నం పిల్ల, పాపం, వేటవాళ్ళని ఎప్పుడూ చూసి ఉండదు అనుకున్నాడు.

మర్నాడు పెద్దవల లాగుతుండగా ఫోను తీసి పక్కనున్న మనిషికి ఇచ్చాడు. ఆ పక్కనున్న మనిషి అసిరయ్య.

"మావా, ఒక ఫోటో తియ్యి."

"ఎందుకురా?"

"ఊరికే."

అసిరయ్య మొదటి ఫోటోలో తన బొటనవేలిని తీశాడు. రెండోదానిలో ఆకాశాన్ని తీశాడు. మూడోది మాత్రం కుదిరింది. తలకు తువ్వాలు, నడుముకు గోచీ, భుజం మీద తాడు, వెనక నిండుగా ఉబ్బిన వల, అందులో తళతళలాడుతున్న కానాగంత చేపలు. లక్ష్ముడు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు.

"అల్లుడా, రాజునాగున్నావురా" అన్నాడు అసిరయ్య, ఫోను తిరిగిస్తూ.

ఆ ఫోటో నీలవేణికి వెళ్ళింది. జవాబు క్షణాల్లో వచ్చింది. ఈసారి గుండె బొమ్మ లేదు.

"నీ ఫోటో నా దగ్గరుంది. నీ వాయిస్‌లన్నీ ఉన్నాయి. డబ్బులు పంపు. లేకపోతే నీ ఫ్రెండ్స్ అందరికీ ఈ ఫోటో పంపుతా. మీ ఊళ్ళో తలెత్తుకోలేవు." కింద ఒక బ్యాంకు ఖాతా నంబరు.

లక్ష్ముడు రెండుసార్లు చదివాడు. ఫోటో గురించి అతనికి దిగులు లేదు. ఫోటోతో పాటు నీలవేణి కూడా ఊళ్ళోకి వస్తుందే, అదీ అతని భయం. దుర్గ దగ్గర ఒక్క ముక్క చెప్పలేనివాడు ముక్కూమొహం తెలియని మనిషికి ఇన్ని కబుర్లు చెప్పాడని తెలిస్తే ఇంక పీటలేమిటి, పెళ్ళేమిటి!

పరుగున వెళ్ళి భాస్కర్‌కు ఫోన్ చేశాడు. భాస్కర్ అంతా విని, కొట్లో జనం ఉన్నారని కూడా చూడకుండా పగలబడి నవ్వాడు.

"నీలవేణీ నేదు, గీలవేణీ నేదురా! ఆ ఫోటో సీరలకొట్టు క్యాలెండర్ మీద బొమ్మ. ఎనకాల ఏ మీసాలోడో కూకుని నీలాటోళ్ళకి గాలం ఏస్తన్నాడు. మా కొట్టుకి నీలాగ మోసపోయినోళ్ళు బోల్డుమంది వస్తారు."

"మీసాలోడా?" అన్నాడు లక్ష్ముడు నీరసంగా. ఆ పంపిన గుండెలన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"డబ్బులు పంపకు. బ్లాకు సేసి పారెయ్. ఆ ఫోటో మట్టుకు నాకోటి పెట్టరా, బావున్నాదంటన్నావు కదా."

లక్ష్ముడు బ్లాక్ చేశాడు. అయినా మనసు నిలవలేదు. మర్నాడు చీకటితోనే వేటకు వెళ్ళాడు. ఒడ్డు దూరమయ్యేసరికి ఫోనులో సిగ్నలు పోయింది. ఇప్పుడు ఊళ్ళో ఏం జరుగుతోందో తెలుసుకునే దారి లేదు. ఎదురుగా చుక్కాని పట్టుకుని అసిరయ్య హాయిగా చుట్ట కాలుస్తున్నాడు. ఈ మనిషే నాకు పిల్లనివ్వాల్సినవాడు, ఈ మనిషి చేతే ఆ ఫోటో తీయించాను అనుకుంటే లక్ష్ముడికి నీళ్ళలోకి దూకేయాలనిపించింది. దూకినా లాభం లేదు, అతనికి ఈత బాగా వచ్చు.

"ఏటిరా, మాట నేదు? ఒడ్డు మీద ఉన్నట్టున్నావు" అన్నాడు అసిరయ్య.

పొద్దెక్కాక పడవ తిరిగింది. లైట్‌హౌసు కనిపించింది. ఆ తర్వాత ఇసుక. ఆ తర్వాత జనం. రోజూ చేపలు ఎత్తడానికి వచ్చే నలుగురైదుగురు కాదు, పల్లెలో సగం మంది ఉన్నారు. ముందు వరసలో మరిడమ్మ, చేతిలో ఎవరిదో ఫోను పట్టుకుని ఊపుతోంది.

అయిపోయింది అనుకున్నాడు లక్ష్ముడు.

"ఒరే లక్ష్ముడా!" అని కేకేసింది మరిడమ్మ, పడవ ఇసుకను తాకకముందే. "ఏటిరా ఇది? అందరి పోన్లలోకీ వచ్చినాది! అచ్చం మీ నాన్ననాగే ఉన్నావు కదరా!" ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏదీ, ఏదీ" అంటూ అసిరయ్య పడవ మీంచి దూకి ఫోను లాక్కున్నాడు. చూసి, ఛాతీ విరుచుకున్నాడు. "ఇది నానే తీసినాను! అడగండి ఈణ్ణి! నానే!"

"ఆ కానాగంతలు ఏ రోజువి?" అని ఒకడు అడిగాడు.

"ఆ తాడు మాది కాదేటి? పోయినాదని ఎతుకుతన్నాం" అన్నాడు ఇంకొకడు.

వంగిన నడుముతో ముసలి తాతమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. "ఫోటో కింద ఏదో రాసుందంట, సదవండే" అంది. ఒక పిల్ల చదివింది: "సిగ్గులేని మీ లక్ష్ముణ్ణి చూడండి."

తాతమ్మ బుగ్గ నొక్కుకుంది. "ఓలమ్మ! ఈడికా సిగ్గు నేదూ? ఈడికున్నంత సిగ్గు ఈ పల్లెలో కొత్త పెళ్ళికూతుళ్ళకి కూడా నేదు కదే! ఎవుడే రాసినోడు?"

ఒడ్డంతా నవ్వులతో అదిరిపోయింది. లక్ష్ముడు పడవ అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ మీసాలవాడు ఎక్కడున్నాడో గానీ, ఊరంతటికీ రోజూ కనిపించే దృశ్యాన్నే ఊరంతటికీ పంపించాడు. గొంతులు పంపలేదు. నీలవేణి పేరు ఎక్కడా లేదు. ఎవరో ఆకతాయి కుర్రగుంటలు చేసి ఉంటారని అసిరయ్య తేల్చేశాడు. అంతా సరే అన్నారు. లక్ష్ముడికి పడవంత బరువు దిగినట్టయింది.

అప్పుడు దుర్గ కనబడింది. ఆమె నవ్వడం లేదు. తట్టలోకి చేపలు ఎత్తుకుంటూ ఒక్కసారి అతనికేసి చూసి, తట్ట తలకెత్తుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం లక్ష్ముడు చేపలు ఎండబెట్టే చోటికి వెళ్ళాడు. దుర్గ నెత్తళ్ళు వలల మీద పరుస్తూ, మధ్యమధ్య కర్ర ఊపి కాకుల్ని తిడుతోంది.

"బావా, ఒక మాట అడుగుతాను" అంది తలెత్తకుండా. "ఆ ఫోటో మా నాన్న తీసినాడు. నీ ఫోన్లోనే తీసినాడు. మరి ఆ ఫోను లోంచి బయటికెలా ఎల్లినాది? ఎవులికి పంపినావు?"

తప్పించుకునే దారి కళ్ళ ముందే ఉంది. మావయ్య అన్నట్టు గుంటలెవరో ఫోను తీశారంటే సరిపోతుంది. ఎవరూ కాదనరు. బొటనవేలు ఇసుకలో గీత గీయడం మొదలుపెట్టింది. సగం గీసి ఆగింది.

"నీలవేణి అని ఒక పిల్లకి పంపినాను" అన్నాడు. "పిల్ల కాదు. మీసాలోడంట. నాకు తెల్దు."

దుర్గ చేతిలోని నెత్తళ్ళు చేతిలోనే ఉండిపోయాయి. లక్ష్ముడు ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని అతనికి తెలుసు. హాయ్ అన్న దగ్గర్నుంచి, గొంతు బాగుందన్న దగ్గర్నుంచి, పడవ తనదేనన్న అబద్ధం దాకా చెప్పాడు. మీసాలవాడు గుండె బొమ్మలు పంపిన చోట దుర్గ పెదవి చివర కొద్దిగా కదిలింది. అప్పుడు అతను ఆఖరి ముక్క కూడా చెప్పాడు.

"నీకెవులైనా ఉన్నారా అనడిగితే... నాకెవులూ నేరని సెప్పినాను."

పెదవి కదలడం ఆగిపోయింది.

"అయితే నానెవుల్ని బావా?"

ఒక కాకి దిగి నాలుగు నెత్తళ్ళు ఎత్తుకుపోయింది. దుర్గ దాన్ని తిట్టలేదు. అది చూస్తే లక్ష్ముడికి భయం వేసింది.

"ఆ మీసాలోడు ఆడదాన్నని సెప్పినాడు. నువ్వు ఎవులూ నేరని సెప్పినావు. ఇద్దరూ ఇద్దరే, సరిపోయినారు" అంది. "నానిక్కడే ఉన్నాను కదా. రోజూ ఉన్నాను. నాతో మాటాడ్డానికి ఏటున్నాది అంటావు. ఆడితో మాటాడ్డానికి అంతేటున్నాది?"

"ఆడికి కళ్ళు నేవు" అన్నాడు లక్ష్ముడు.

"ఏటి?"

"అంటే... ఫోనుకి కళ్ళుండవు కదా. నువ్వైతే సూస్తావు. నువ్వు సూస్తే నాకు మాట రాదు. నా తప్పే. నాను సెప్పింది అబద్ధం. నన్నొద్దంటే కాదనను. నీకు మాత్రం అబద్ధం సెప్పలేను."

అంత పొడుగు మాట అతను ఆమెతో ఎన్నడూ అనలేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. దుర్గ చేతులు పావడాకు తుడుచుకుని, బొడ్లో దోపుకున్న ఫోను తీసింది. కాసేపు దాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"సరే. ఆడికి కళ్ళు నేకపోతే నాకూ నేవనుకో. ఎల్లి ఆ పడవెనకాల కూకో. ఆడికి ఎట్టినట్టే నాకూ ఒక వాయిస్ ఎట్టు. ఏటెట్టాలో నీకే తెలవాల. నాను సెప్పను."

లక్ష్ముడు పడవ వెనక్కి వెళ్ళాడు. అది ఒడ్డుకు లాగి బోర్లించిన పాత పడవ. అవతల దుర్గ, ఇవతల అతను, మధ్యలో చెక్కలు. మైకు నొక్కి పట్టుకున్నాడు. సముద్రం మీద అలవాటైన మనిషి కదా, తెలియకుండానే గొంతు పెరిగింది.

"దుర్గా, నాను బావని. నువ్వు కాకుల్ని తిడతావు కదా, ఆ తిట్లు పడవ మీదకి ఇనబడతాయి. మంచు పట్టి ఏటీ కనబడని రోజున, ఆ తిట్లు ఇనబడితే ఒడ్డు దగ్గరకొచ్చేసినామని నాకు ధైర్యమొస్తాది. ఎవులికీ సెప్పనేదు నానిది. ఆ నీలవేణికి కూడా సెప్పనేదు. నువ్వు శ్రీకాకుళం ఎల్లిన రోజున ఊరు ఊరునాగుండదు. నువ్వంటే నాకిష్టం. అమ్మ సెప్పినాదని కాదు, మావ సెప్పినాడని కాదు. నాకే. నాకే ఇష్టం."

వేలు తీశాడు. ఆ వేళకు సిగ్నలు సరిగా లేదు. ఫోనులో గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంది. మాట వెళ్ళలేదు. లక్ష్ముడు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. చక్రం తిరుగుతూనే ఉంది. ఇంక ఉండబట్టలేక పడవ చివరి నుంచి మెల్లగా తొంగి చూశాడు.

దుర్గ చెక్కలకు చెవి ఆనించి నిలబడి ఉంది. అతన్ని చూసి గబుక్కున సర్దుకుని, ఫోనుకేసి చూస్తున్నట్టు నటించింది. మొహమంతా నవ్వు.

"ఇన్నావా?" అన్నాడు.

"ఏదీ, ఇంకా రానేదు" అంది ఏమీ ఎరగనట్టు.

అప్పుడు ఆమె ఫోను టింగుమంది. ఇద్దరూ దాన్ని చూశారు. దుర్గ చటుక్కున దాన్ని వీపు వెనక దాచేసింది.

"ఈ ఫోన్లో సరిగ్గా ఇనబడదు బావా. గాలి కూడానూ" అంది. "ఇంకోపాలి సెప్పు. ఇక్కడికొచ్చి సెప్పు."

అబద్ధమని లక్ష్ముడికి తెలుసు. ఆ అబద్ధం అతనికి ఎంతో నచ్చింది. పడవ చుట్టూ తిరిగి ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. దుర్గ కళ్ళు పెద్దవి చేసుకుని కావాలనే అతని మొహంలోకి సూటిగా చూస్తోంది. బొటనవేలు ఇసుకలో కదలబోయింది.

"దుర్గా" అన్నాడు లక్ష్ముడు.

ఎండబెట్టిన నెత్తళ్ళ మీద కాకులు గుంపుగా వాలి హాయిగా తింటున్నాయి. తిట్టడానికి ఆమెకు తీరిక లేదు.